మాటలందించే నాన్న

మా తమ్ముడంత దయగల తండ్రి ఈ భూమ్మీద లేడు. ఈ మాట అన్నది నేను కాదు, వాడే. బడిలో తల్లిదండ్రులందర్నీ కూర్చోబెట్టి, పిల్లలతో ఇంట్లో దయగా ఎలా మెలగాలో గంటసేపు చెప్పారట. అక్కడిచ్చిన కాగితం తెచ్చి ఫ్రిజ్‌కి అంటించాడు. "ఇవన్నీ నేనెప్పట్నుంచో చేస్తున్నవే కదక్కా" అంటూ నా ముందు మీసం దువ్వుకున్నాడు. నాకు ఒళ్లు మండింది.

వాడు కారు నడపడం నేర్పే మాస్టారు. పక్క సీట్లో కూర్చుంటాడు, వాడి కాళ్ల దగ్గర కూడా ఒక బ్రేకు, ఒక క్లచ్చు ఉంటాయి. నేర్చుకునేవాళ్లు ఎంత తడబడినా, ప్రాణం మీదికొస్తే తప్ప వాటి మీద కాలు వెయ్యడు. మాస్టారిది ఎంత ఓర్పో అని అందరూ పొగడ్డమే. ఆ ఓర్పుని ఇంటిదాకా మోసుకొచ్చిన పాపాన మాత్రం పోలేదు.

వాడి కూతురికి తొమ్మిదేళ్లు. దానికి నత్తి. మాట మొదట్లో ఇరుక్కుంటుంది, కాస్త ఆగితే దానంతటదే వస్తుంది. ఆగేదెవరు? పిల్ల నోరు తెరవగానే వీడు అందుకుంటాడు. ఓ పొద్దున నేనక్కడే ఉన్నాను. "నాన్నా, నాకు గు... గు..." అంది.

"గుడ్డా? ఇదిగో తల్లీ!" అంటూ పళ్లెంలో వేసేశాడు.

అది చెప్పబోయింది గుడ్డు వద్దని. జడ వేస్తుంటే నా చెవిలో చెప్పింది. తండ్రి మురిసిపోతూ చూస్తున్నాడని మొత్తం తినేసింది పిచ్చితల్లి.

"ఒరేయ్, దాన్ని చెప్పనివ్వరా" అన్నాను.

"అది అవస్థ పడుతుంటే చూస్తూ కూర్చోమంటావా? నీది రాతి గుండె. నా వల్ల కాదక్కా."

విన్నారా! నాది రాయి, వాడిది వెన్న.

ఆ నెలలోనే టీచరు మా మరదల్ని పిలిపించింది. పిల్ల తరగతిలో మాట్లాడటమే మానేసిందట. తలూపడం, వేలు చూపించడం, అంతే. ఇలాగే వదిలేస్తే ఇక నోరే విప్పదేమోనని ఆవిడ భయం. మరదలు ఇంటికొచ్చి ఏడ్చింది. మా ఘనుడు ఏమన్నాడో తెలుసా? "పాపం, అక్కడ మాట అందించడానికి నేనుండను కదా!" వాణ్ణి తన్నాలనిపించింది.

శనివారం మధ్యాహ్నం బడి దగ్గర పిల్లనీ నన్నూ ఆ కారులోనే ఎక్కించుకున్నాడు. స్టీరింగు ముందు నేర్చుకుంటున్న ఒక దర్జీ ఆవిడ. కూడలి మధ్యలో బండి ఆగిపోయింది. స్టార్ట్ చేస్తే మళ్లీ ఆగింది. వెనక హారన్లతో చెవులు చిల్లులు పడుతున్నాయి. వీడు మాత్రం నిమ్మకు నీరెత్తినట్టు కూర్చున్నాడు.

"తొందరేం లేదమ్మా. వాళ్లని మోగించుకోనివ్వండి. మీరే తియ్యగలరు."

అయిదోసారికి బండి కదిలింది. కూడలి దాటాక పిల్ల ముందుకు వంగింది.

"నా... నాన్నా..."

"నీళ్లా తల్లీ?"

అది కాదని తలూపింది. "నేను కూ... కూ..."

"కూల్‌డ్రింకా?"

పిల్ల కళ్లు మూసుకుంది. ఇక మానేస్తుందనుకున్నాను. మానలేదు.

"నేను కూడా ఫీ... ఫీజు కడితే, నా కోసం ఇ... ఇలాగే ఆగుతావా?"

దర్జీ ఆవిడ ఎవరూ చెప్పకుండానే బండి పక్కకి తీసి ఆపేసింది. వాడు వెనక్కి తిరిగాడు. నోరు తెరిచాడు, మూశాడు, మళ్లీ తెరిచాడు. ఇన్నాళ్లూ కడుపులో దాచుకున్నదంతా కక్కేద్దామని నేను నోరు తెరిచాను.

పిల్ల నా చెయ్యి పట్టుకుంది.

"అ... అత్తా, ఉండు. నాన్నని చె... చెప్పనీ."

నేను నోరు మూసుకున్నాను. చాలాసేపు ఆగాం.