నీకేం లాభమని అడిగించుకున్న యాదగిరి సారు

యాదగిరి సారు ఇక లేరన్న వార్త ఫోనులో చూసినప్పుడు నేను నమ్మలేదు. అది నా స్వభావం. బతికున్నవాళ్లను చంపే కబుర్లు రోజుకొకటి చేతులు మారే కాలం మరి. రూఢి చేసుకుందామని ఆయన నంబరుకే ఫోను చేశాను. ఎత్తింది ఆసుపత్రి నర్సు. ఆమె మెల్లగా చెప్పిన రెండు మాటలకు నా అనుమానం నోరు మూసుకుంది. మస్కట్‌లో, వాడి కబీర్ పేటలోని మా ఫ్లాటుకు ఎదురుగా ఉన్న ఆయన తలుపు చూస్తూ, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను.

నిజామాబాద్ వైపు మనిషి, చరిత్రాధ్యాపకుడు. కరీబియన్ దీవులనుంచీ లాటిన్ అమెరికానుంచీ వలసవచ్చినవారి పిల్లలు చదివే ఒక కళాశాలలో, న్యూయార్క్‌లో, చాలాకాలం పాఠాలు చెప్పి మస్కట్ చేరారు. అందరూ గల్ఫునుంచి అమెరికా పోవాలని చూస్తుంటే ఈయన అటునుంచి ఇటు రావడమేమిటి? ఎక్కడో ఏదో లొసుగు ఉండే ఉంటుందని, మా వీధిలోని బడిలో సోషల్ టీచరునైన నేను మొదటి రోజే తేల్చేసుకున్నాను.

సువైక్ అనే ఊళ్లో రఫీక్ భాయ్ అనే హైదరాబాదీ ఖర్జూరాల దుకాణం మీద ఒక గది ఉంది. సోహార్ స్టీలు ప్లాంటువాళ్లకూ మస్కట్‌వాళ్లకూ నడిమధ్యన ఉంటుందని సెలవురోజైన శుక్రవారాలు అక్కడ మన పనివాళ్లకు సారు పాఠం మొదలుపెట్టారు. ఆయనకు చూపు మందగించింది, నాకు కారుంది. పరోపకారమని అందరూ నన్ను మెచ్చుకున్నారు గానీ, ఈ పెద్దమనిషి అక్కడ ఏం అమ్ముతున్నాడో కళ్లారా చూడాలన్నదే నా ఆరాటం.

మొదటి శుక్రవారం గది నిండింది. సారు ఓ కాగితం తిప్పి పేరూ ఊరూ రాయమన్నారు. అంతే, మరుసటి వారం ఒక్క పురుగు లేదు. పేరడిగినవాడు ఏజెంటేనని మనవాళ్లకు అనుభవం నేర్పింది కదా. మూడోవారం ఆయన రఫీక్ భాయ్ కొట్టుముందు నిలబడి, వచ్చిపోయేవాళ్లందరికీ వినబడేలా, పేర్లు అడగను, అడిగితే నన్నే తరమండి అని చెప్పారు. ఒక్కొక్కరే మళ్లీ మెట్లెక్కారు. ఆయన శిష్యులెందరో ఈనాటికీ ఎవరికీ తెలియదు.

ఆయన పాఠానికొక ఆచారం ఉండేది. కూర్చోగానే ముందు అందరూ తమ అనుమానాలు చెప్పాలి. పోయినవారం చెప్పిన కథమీదైనా సరే, చెప్పిన మనిషిమీదైనా సరే. ఇళ్లలో పనిచేసే గోదావరి మంగమ్మ ఒకసారి, ఆ దీవులవాళ్ల కాలేజీ నిజంగా ఉందా, లేక మమ్మల్ని ఊరిస్తున్నారా అని నిలదీసింది. ఆయన ముఖం వెలిగిపోయింది.

ఆ కథను ఆయన ఎన్నిసార్లు చెప్పినా వినాలనిపించేది. ఫ్యాక్టరీల్లో, హోటళ్లలో, ఆసుపత్రుల్లో పనికి కుదిరిన దీవులవాళ్లు, ముందు ఇంగ్లీషు నేర్చుకుని తర్వాత కాలేజీకి రండి అన్న మాటను అనుమానించారు. ఇంగ్లీషు వచ్చేదాకా మా బుర్రలు ఖాళీగా ఉంచాలా అని అడిగారు. తమ పేటలోనే, తమ స్పానిష్‌లో పాఠం మొదలయ్యే కళాశాల కావాలని పట్టుబట్టి సాధించుకున్నారు. డబ్బు లేదు, మూసేస్తామని పెద్దలన్నప్పుడు పిల్లలూ పంతుళ్లూ లోపలే కూర్చుని కదలలేదట. ఇది వినగానే మల్లేశం బెదిరిపోయాడు. సోహార్ స్టీలు ప్లాంటులో పనిచేసే జగిత్యాల మనిషి. మమ్మల్ని సమ్మె చెయ్యమంటున్నాడేమో, వీసా పోతుందని చెప్పులు చేతబట్టుకున్నాడు. సారు నవ్వి, అక్కడి కథ అక్కడిదే, ఇక్కడి చట్టం ఇక్కడిదే అని సర్దిచెప్పి కూర్చోబెట్టారు.

తర్వాతి చరిత్రను మాత్రం ఆయనే అనుమానించేవారు. వలసబిడ్డలు ఇందరుంటే చాలు, వాళ్లకు సేవ చేసే విశ్వవిద్యాలయమని గుర్తింపూ నిధులూ వచ్చే రోజులొచ్చాయి. “తలలు లెక్కపెట్టుడు వేరు, సదువు చెప్పుడు వేరు,” అనేవారు.

ఇక నా సంగతి. మీకేం లాభమని మల్లేశం అడిగితే, ఒక్కణ్ణే ఉంటా, పొద్దుపోదన్నారు. మంగమ్మ అడిగితే, నీ జంతికల కోసమన్నారు. ఇంకొకరితో పుణ్యమన్నారు. దొరికాడు దొంగ అనుకుని, తిరుగు ప్రయాణంలో, వీటిలో ఏది నిజమని కారాపి మరీ నిలదీశాను.

“అన్నీ నిజమేనమ్మా. ఎవ్వలడిగినా ఒక్కటే జవాబు చెప్పేటోణ్ణి నమ్మకు. వాడు బట్టీ పట్టిండు.”

మరుసటి శుక్రవారం ఆ మాట గదిలో అందరికీ చెప్పాను.

సంతాపసభ ఆ గదిలోనే జరిగింది. ఎవరూ పిలవని కోటు పెద్దమనిషి ఒకాయన వచ్చి, ఏదో విదేశీ విశ్వవిద్యాలయం పేరు చెప్పి, యాదగిరి స్మారక విద్యాకేంద్రం ఇక్కడే పెడతామన్నాడు. విద్యార్థుల పేర్లూ పాస్‌పోర్టు కాపీలూ ఇప్పించమని నన్ను అడిగాడు. రఫీక్ భాయ్ కూడా గది ఆయనకిచ్చే వైపే మొగ్గుతున్నాడు. గది పోతే మా శుక్రవారం పోయినట్టే. కానీ దండ వేసిన సారు ఫోటో ముందు గొడవెలా పడను?

మల్లేశం లేచాడు. “అన్నా, గిందుల నీకేమొస్తది?”

సేవ, కేవలం సేవ అన్నాడాయన. మంగమ్మ అదే అడిగింది. కేవలం సేవ. గోడపక్కనుంచి ఇంకొకరు, కిటికీ దగ్గరనుంచి మరొకరు. కేవలం సేవ, కేవలం సేవ. ఒక్కొక్కరే నావైపు చూశారు. మెట్లమీద కూర్చుని అన్ని పాఠాలూ విన్న రఫీక్ భాయ్ లేచి, జేబులోని తాళంచెవి తీసి మంగమ్మ చేతిలో పెట్టాడు. పెద్దమనిషి టీ కూడా తాగకుండా దిగి వెళ్లాడు.

విద్వాంసులు పోతే గ్రంథాలు మిగులుతాయంటారు. మా ఆచార్యుడు పేర్లు కూడా మిగల్చకుండా వెళ్లారు. అంతటి నిష్కాముడు, అంతటి నిర్భయుడు మళ్లీ ఈ ఎడారికి వస్తాడన్న ఆశ నాకు లేదు.

పోయిన శుక్రవారం సువైక్‌కు ఒక్కదాన్నే కారు తోలుకుంటూ వెళ్లాను. పక్క సీటువైపు చూడకుండా నడపడానికి చాలా కష్టపడ్డాను. గది నిండి ఉంది. సారు కుర్చీలో కూర్చోలేక నిలబడే పుస్తకం తెరిచాను. ఆచారం మరిచిపోయాను. మంగమ్మ మరిచిపోలేదు.

“మేడమ్ గారూ, మరి మీకేంటండీ లాభం?”

“ఇంట్లో ఉంటే ఎదురు తలుపు కనబడుతుంది మంగమ్మా,” అన్నాను.

ఆమె నన్ను పరీక్షగా చూసింది. వచ్చేవారం మళ్లీ అడుగుతానంది.