లిమ్ అంకుల్ వాళ్లమ్మ పాట

ఐటీ ఊపులో సింగపూర్ వెళ్లిన కొత్తలో, ఆంగ్ మో కియోలో నేను అద్దెకున్న ఇంటి ఓనరు లిమ్ అంకుల్‌ని మా ఆఫీసువాళ్ల కరోకేకి తీసుకెళ్లాను. వాళ్లమ్మ రోజూ పాడుకునే చైనీస్ పాట ఆయన మొదలుపెట్టారు. రెండో చరణాన్ని మా జపాన్ మేనేజరు జపనీస్‌లో అందుకున్నారు. అంకుల్‌లాగే ఆయనకీ యాభై దాటాయి. "ఇది మా చిన్నప్పటి పాట! మీ భాషలోకి ఎప్పుడొచ్చింది?" అన్నారు సంబరంగా.

అంకుల్ మైకు దించేశారు. రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్ సింగపూర్‌ని ఆక్రమించినప్పుడు, ఆయన మేనమామని జపాన్ సైనికులు పట్టుకుపోయారు. వాళ్లమ్మ అప్పటికీ జపాన్ వస్తువేదీ గుమ్మం దాటనిచ్చేది కాదు. నా జపాన్ కెమెరా ఆఫీసు సొరుగులోనే ఉండేది.

కాసేపటికి అంకుల్ తన సింగపూర్ యాసలో, "ఓకే లా, మళ్లీ పెట్టండి, కలిసి పాడదాం" అన్నారు. ఇద్దరూ ఎవరి భాషలో వాళ్లు పాడారు.

ఇంటికొచ్చాక లిఫ్టులో నా చెయ్యి పట్టుకుని, "అమ్మకి మాత్రం చెప్పకు" అన్నారు.