అరువు తెచ్చిన కవచాలు

తిరుమలేశ్ ఫిల్మ్‌నగర్‌లో మొదట చేసిన పని ప్లైవుడ్‌ను టేకులా కనిపించేలా రంగు వేయడం. ఆర్ట్ డిపార్ట్‌మెంటు వాళ్ళు సెట్‌లో కిరాణా కొట్టు వేస్తే, కెమెరా చూసే వైపు డబ్బాలు నిండుగా పేర్చేవాడు. వెనక అట్టలు, కర్రలు ఉండేవి. ఫ్రేమ్‌లో ఖాళీ కనిపించకూడదని అక్కడే నేర్చుకున్నాడు. తర్వాత లైట్ యూనిట్‌లో చేరాడు. ఒకసారి నిచ్చెన మీంచి జారి పడ్డాక కుడి చేయి భుజం దాటి పైకి లేవలేదు. అందుకని ఫ్లెక్సీలు ముద్రించే దుకాణంలో కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. గిరాకీ లేని మధ్యాహ్నాలు ఫోన్‌లో వీడియోలు చూస్తూ వెబ్‌సైట్లు కట్టడం నేర్చుకున్నాడు. ఆ దుకాణం మూతపడ్డాక కృష్ణానగర్‌లో షాపు షాపూ తిరిగి, వెబ్‌సైటు చేసిపెడతానని అడిగాడు.

ఒప్పుకున్నది బాలాత్రిపురసుందరి ఒక్కతే. తెనాలి నుంచి వచ్చి, నాటకాలకూ డాన్సులకూ డ్రెస్సులు అద్దెకిచ్చే షాపు నడుపుతోంది. మిగతావాళ్ళు ఆవిడది ఎలా నడుస్తుందో చూశాక చెబుతామన్నారు.

"ఇది గిన నడవకుంటే మళ్ళ లైట్లు మోస్తవా?" అంది ఇంట్లో భార్య నవత.

"మోస్త."

"ఏ చేయితోని?"



సుందరి ఊళ్ళో పెళ్ళికి వెళ్తూ, ఫొటోలు తీసుకోమని తాళం ఇచ్చి వెళ్ళింది. అలమరలో పోలీసు యూనిఫారాలు, లాయరు కోట్లు, డాన్సు డ్రెస్సులు ఉన్నాయి. రెండు అరలు ఖాళీ. తిరుమలేశ్ ఫోన్ పైకెత్తి, దించాడు. కాస్ట్యూమ్స్‌లో పనిచేసే స్నేహితుడు నాగసాయిని అడిగి, బంగారు రంగు కవచాలు తెచ్చి ఆ అరల్లో పేర్చాడు. ఫొటోలు తీసుకుని, సాయంత్రానికి తిరిగి ఇచ్చేశాడు. ఊరి నుంచి వచ్చాక సుందరి సైటు చూసి మురిసిపోయింది గాని, అలమరల ఫొటోలను పెద్దవి చేసి చూడలేదు.

కొన్నాళ్ళకు మధురానగర్ నుంచి పూజిత అనే టీచరు వచ్చింది. పదో తరగతి పిల్లలు యుద్ధం నాటకం వేస్తున్నారు. ఫోన్‌లో సైటు ఫొటో చూపించి, "ఈ కవచాలు కావాలండీ. పిల్లలకు కూడా ఇవే చూపించాను. ఎల్లుండే వార్షికోత్సవం" అంది.

"మా దగ్గర లేవండీ అవి" అంది సుందరి.

"మీ షాపే కదా ఇది? బోర్డు కనిపిస్తోంది."

సుందరి తిరుమలేశ్‌కు ఫోన్ చేసింది. అతను వచ్చాక ఆ ఫొటోనే చూపించింది.

"ఇవెక్కడివి?"

"నాగసాయి పనిచేసే సినిమావి, మేడం. ఫొటోల మందమే తెచ్చి, మళ్ళ ఇచ్చేసిన."

"ఎందుకండీ?"

"రెండు అరలు ఖాళీగ ఉండె. ఫ్రేమ్‌ల మంచిగ కనబడదని."

"మీరు ఫొటో తీసుకుని వెళ్ళిపోతారు. ఇక్కడ కూర్చునేది నేను కదా."

తిరుమలేశ్ పక్కకు వెళ్ళి నాగసాయికి ఫోన్ చేశాడు. కవచాలు వికారాబాద్ షూటింగ్‌కు వెళ్ళిపోయాయి. తిరిగి వచ్చి, టీచరు వైపు చూడకుండా, "శకుంతలమ్మ దగ్గర ఉంటయి" అన్నాడు.

శకుంతలమ్మది అదే వీధి చివర ఉన్న అద్దె డ్రెస్సుల షాపు. ఒకరి గిరాకీని ఒకరు లాక్కుంటున్నారని ఆమెకూ సుందరికీ ఏళ్ళుగా మాటల్లేవు. సుందరి కాసేపు హ్యాంగర్లు సర్దింది.

"టీచర్ని అక్కడికి తీసుకెళ్ళండి. నేనే పంపానని చెప్పండి" అంది.

శకుంతలమ్మ విని, "సుందరి పంపిందా? పొద్దు పడమట పొడిచిందా ఏంది ఇయ్యాల?" అంటూనే లోపలి నుంచి కవచాలు తెచ్చింది. అక్కడక్కడా రంగు పోయింది. పూజిత ఒక్కొక్కటీ తిప్పి చూసింది.

"తప్పు నాది, టీచర్. షాపుది కాదు" అన్నాడు తిరుమలేశ్.

ఆమె ఫరవాలేదని అనలేదు. కవచాలు మాత్రం తీసుకుంది.

అతను ఆ ఫొటోలన్నీ సైటులోంచి తీసేశాడు. మర్నాడు షాపుకు వెళ్తున్నప్పుడు, సైటే వద్దంటే ఏం చెప్పాలో దారంతా ఆలోచించుకున్నాడు. అతను వెళ్ళేసరికి సుందరి అలమరలు తుడిచి పెట్టుకుంది.

"ఇప్పుడు తీయండి ఫొటోలు."

ఖాళీ అర వైపు ఒక కోటు జరపబోయాడు.

"కదపకండి."

ఉన్నది ఉన్నట్టే తీసి, సైటులో పెట్టాడు. సుందరి కళ్ళజోడు పెట్టుకుని ఒక్కో అరనూ వేళ్ళతో పెద్దది చేసి, అలమరతో సరిపోల్చి చూసింది. ఆమె చూడడం అయ్యేదాకా అతను నిలబడే ఉన్నాడు.

"ఉండనివ్వండి" అంది చివరికి. ఫోన్ బల్ల మీద పెట్టి, "పొద్దున శకుంతలమ్మ వచ్చింది. సైటు ఎవరు చేశారని అడిగింది. మీ నంబరు ఇచ్చాను" అంది.

"ఏం చెప్పిన్రు మేడం?"

"పని వచ్చినవాడేనని చెప్పాను. ఫొటోలు తీసేటప్పుడు మాత్రం ఆవిడను మీ పక్కనే నిలబడమన్నాను."