పురుగులు పెంచిన అల్లుడు

అత్తగారింటికి అరిష్టం తెచ్చిపెట్టాలంటే అల్లుడికి పెద్ద తెలివేమీ అక్కర్లేదు. డబ్బాడు గొంగళిపురుగులు చాలు. ఎట్లాగో చెబుతాను. చెబుతుంటే నాకు మళ్లీ ఒళ్లు మండుతుంది, కాస్త ఓర్చుకోండి.

అప్పుడు నేను ప్రొద్దుటూరులో ఒక బట్టలకొట్లో పనిచేసేవాణ్ణి. పొద్దంతా చీరలు విప్పించి, చివరికి "రంగు బాగలేదు" అని లేచిపోయేవాళ్ల మీద పుట్టిన కోపమంతా పురుగుల దగ్గరే చల్లారేది. గొంగళిపురుగులను తెచ్చి, డబ్బాల్లో పెంచి, అవి రెక్కలపురుగులై వచ్చేదాకా చూడటం నా సరదా. సీతాకోకచిలుకను చూస్తే అందరూ మురిసిపోతారు. అదే దీపం దగ్గరికొచ్చే రెక్కలపురుగైతే చీపురు తీస్తారు. ఈ అన్యాయం మీద నేను గంటసేపు తిట్టగలిగేవాణ్ణి.

నా భార్య సుజాతకు ఈ సరదా మీద ఎంత ప్రేమో ఆమె మాటల్లోనే వినండి. "అన్నం డబ్బాలో పురుగులేంది? ఒగటి బయటికొచ్చినా దాన్ని కాదు, నిన్ను ఎల్లగొడతా."

ఆ ఏడు మా వీధి చివర కంచెకు అల్లుకున్న తిప్పతీగ మీద కొత్తరకం పురుగులు దొరికాయి. మఖమల్‌లాంటి నలుపు, పక్కల కళ్లలాంటి మచ్చలు. ముట్టుకుంటే తల వంచి, నడుము ఎత్తి, కొత్తగా వచ్చిన తహసీల్దారులా బిగుసుకునేవి. రోజూ తిప్పతీగ ఆకు కోసుకొచ్చి కన్నబిడ్డల్లా సాకాను. అవి ఆకులు చుట్టుకుని గూళ్లు కట్టి, కొన్నాళ్లకు రెక్కలతో బయటికొచ్చాయి. పైరెక్కలు అచ్చం ఎండుటాకులు. విప్పితే లోపల నారింజరంగు, నల్లటి అంచు. అట్లాంటి పట్టుచీర మా కొట్లో లేదు.

ఇంత అందాన్ని ప్రొద్దుటూరు దుమ్ములో వదలాలా? పులివెందుల దగ్గర మా మామ దేవసహాయానికి చీనీతోట ఉంది. కోస్తావాళ్లు బత్తాయి అంటారే, అదే. కాయలు పక్వానికొస్తున్న సమయం. ఆదివారం ప్రార్థన అయ్యాక డబ్బా ఒళ్లో పెట్టుకుని బస్సెక్కాను. సాయంత్రం తోట మధ్యలో మూత తీసి, పోయి వృద్ధి పొందండని దీవించి మరీ వదిలాను.

"ఏందప్పా ఆ డబ్బా?" అన్నాడు మామ.

"తోటకు అందం తెచ్చినా మామా."

కొద్దిరోజులకు ఆయన ఫోను చేశాడు. "అల్లుడా, కాయలు రాల్తాండాయి. సూదితో పొడిచినట్ల ఒగోదానికి ఒగో బొక్క. నువ్వూ అమ్మీ ఒకసారి రాండి."

మా మామ కాయల్ని పొడిచేవాడెవడని నాకు ఒళ్లు తెలియని కోపం వచ్చింది. సుజాతను తీసుకుని, దారంతా పళ్లు కొరుక్కుంటూ వెళ్లాను. "వాడు దొరికితే నేనే చెట్టుకు కట్టేస్తా మామా" అని అందరి ముందూ అన్నాను.

"దొరికినాడు" అంటూ మామ ఒక సీసా తెచ్చి కదిలించాడు. లోపలున్న ఎండుటాకు రెక్కలు విప్పింది.

అక్కడ నోరు మూసుకునే బుద్ధే ఉంటే నేనెందుకిట్లా తయారవుతాను? సీసా లాక్కుని, "ఇది మనదే మామా. ఎంత బలంగా ఉండాదో చూడు" అన్నాను.



"మనదంటే?" అన్నాడు మామ.

"నేనే పెంచినా. ఆ పొద్దు డబ్బాలో..." అంటూనే సీసాను మెల్లగా కింద పెట్టాను.

"ఇది ముక్కు గుచ్చి కాయ రసం తాగుతాది. ఆ బొక్కలోనుంచి కుళ్లు పట్టి కాయ రాల్తాది. నీకు తెల్దా?"

"తిప్పతీగ ఆకు కదా మామా తినేది?"

"అది పిల్లప్పుడు."

పాముకు పాలు పోసినవాడైనా పామని తెలిసే పోస్తాడు. నేను దాన్ని బస్సులో టిక్కెట్టు కొని తోలుకొచ్చాను. అయినా తగ్గలేదు. తప్పు చేసినవాడికే కోపమెక్కువ. "నీ కంచె నిండా తిప్పతీగే ఉండాది. ఆడ పుట్టినవి శానా ఉంటాయి. అన్నీ నావేనని రుజువేంది?"

"రుజువా? నువ్వే గదప్పా సుట్టాన్ని పలకరించినట్ల పలకరించినావు."

"నేను మొదుట్నే చెప్పినా నాయనా" అంది సుజాత. ఆ ఒక్క మాటకు కట్టుకున్నది కూడా శత్రుపక్షమే అయిపోయింది.

మామ కొడవలి చేతికిచ్చాడు. ఎండలో కంచె పొడుగునా తిప్పతీగ పీకాను, రాలిన కాయలు ఏరి గుంతలో పూడ్చాను. ఆయన నీడలో కూర్చుని చూశాడు. చేతులు బొబ్బలెక్కాక నాకు ఓపిక చచ్చింది.

"తెలీక చేసినా మామా. చిన్నప్పుడు ఎంత బుద్ధిగా ఆకు తినేదో. పెద్దయినాక ఇట్ల తయారవుతాదని ఎవురికి తెలుస్తాది?"

మామ నన్ను కిందినుంచి పైదాకా చూశాడు. "నిజమేలే. నువ్వు పెండ్లిచూపులకొచ్చిన పొద్దు నేనూ అట్లనే మోసపోయినా."

కాబట్టి పాఠకులారా, మీ ఎదుట గంభీరంగా ప్రమాణం చేస్తున్నాను. పెద్దయ్యాక దాని భోజనమేమిటో తెలుసుకోకుండా ఇకమీదట ఏ పురుగునూ బంధువుల తోటలో వదలను. బంధువులు కానివాళ్ల తోటల సంగతి ఇంకా ఆలోచించలేదు.