నలభై మూడు సంతకాలు, ఒక్క అభిప్రాయం

గురువారం పొద్దున్నే డాక్టరుగారింటి నుంచి ఫోనొచ్చింది. నడకకు పిలుస్తున్నాడనుకుని, "ఏం డాక్టర్ సాబ్, ఇంకా లేవలేదా?" అన్నాను. అవతల ఉన్నది ఆయన భార్య. "అన్నయ్యగారూ, ఆయన నిద్రలోనే పోయారండి" అంది. వెనక్కి తీసుకోవాలనిపించిన జోకులు నాకు రెండున్నాయి. ఇది రెండోది. మొదటిదాని గురించే ఇదంతా.

జర్మనీలో, ఈ జీగెన్ ఊళ్ళో మా రెండిళ్ళకూ మధ్య ఒక్క కంచె. ఆయన గోదావరి నుంచి ఎప్పుడో వచ్చిన ఎముకల డాక్టరు. నేను కరీంనగర్ నుంచి వచ్చి ఇక్కడి ఇనుప ఫ్యాక్టరీలో పని చేసి రిటైరైనవాణ్ణి. ఆయన భార్యను చెల్లెమ్మా అన్నాను కాబట్టి ఆయనకు నేను బావగారినయ్యాను. రోజూ ఇద్దరం వెనకున్న సర్కారు అడవిలో నడిచేవాళ్ళం. ప్రతి మలుపులో ఆగి ఏదో పిట్టను చూపించేవాడు. చాలాసార్లు అక్కడ పిట్ట ఉండేది కాదు. నా మోకాలికి కాస్త ఆగడం కావాలని ఆయనకు తెలుసు, ఆ మాట నేను ఒప్పుకోనని కూడా తెలుసు.

పోయినేడు ఫారెస్టు ఆఫీసువాళ్ళు మా దారి మొదట్లో నోటీసు పెట్టారు. శని, ఆదివారాలు ఆ దారిలోకి మోటార్‌సైకిళ్ళను, నాలుగు చక్రాల క్వాడ్ బళ్ళను రానివ్వాలా వద్దా, జనం నెలలోగా రాసి పంపాలని. అప్పటికే దొంగతనంగా వచ్చేవాళ్ళున్నారు. ఒకసారి ఓ క్వాడ్ మలుపులో మీదికొస్తే నేను కాలవలో పడ్డాను. డాక్టరుగారే చెయ్యిచ్చి లాగాడు.

"అది మీరు రాయాలి బావగారూ" అన్నాడు.

"నాకేమొస్తది సాబ్? ఏడో తరగతిలనే బడి నన్ను జూసి పారిపోయింది."

"తెలుగులో చెప్పండి, జర్మన్‌లోకి నేను మారుస్తాను. చదువుకున్నది అక్కర్లేదు, చూసింది చెప్పండి చాలు."

"నేను కాలవల పడ్డ ముచ్చట జర్మనోళ్ళకు రాసిస్తే, టికెట్ గొని నన్ను జూడనీకి ఆడికే వస్తరు."

నవ్వాడు. వెనక్కి తీసుకోవాలనిపించిన మొదటి జోకు అదే. మూడు వారాలు అలాగే నవ్వించి తప్పించుకున్నాను. నిజానికి సిగ్గు. వయసొచ్చాక, అంత చదువుకున్నాయన ముందు కూర్చుని, 'రాసుకో, నేను చెప్తా' అనడానికి నోరు రాలేదు.

బదులుగా నాకు తెలిసిన పని చేశాను. మా ఊళ్ళో బోరింగు కావాలన్నా, బస్సు కావాలన్నా ఒకే కాగితం రాయించి ఊరందరితో సంతకాలు పెట్టించేవాళ్ళం. డాక్టరుగారు చెట్ల గురించి, వాగు గురించి రాసి పంపిన ఉత్తరం నకలు చెల్లెమ్మనడిగి తెచ్చుకుని జిరాక్సులు తీశాను. యూనివర్సిటీ తెలుగు పిల్లల ఉగాది భోజనాల్లో పులిహోర గిన్నె పక్కనే నిలబడ్డాను. "ఫస్టు సంతకం, తర్వాత పులిహోర."

"తాతా, ఇది వీసా కాగితమా?" అందొక పిల్ల.

"కాదు బిడ్డా, నీ పెళ్ళి కాగితం."

డాక్టరుగారిదీ కలిపి నలభై మూడయ్యాయి. ఆయన్ని ఆశ్చర్యపరుద్దామని చెప్పకుండానే పోస్టు చేశాను.

గడువయ్యాక ఫారెస్టు ఆఫీసువాళ్ళు పెట్టిన మీటింగులో ఆఫీసరమ్మ చదివింది. ఒకే మాటలున్న నలభై మూడు కాగితాలను ఒక్క అభిప్రాయంగానే తీసుకున్నారట. ఆ దారిలో నడిచేవాళ్ళకు ఇబ్బంది కలిగినట్టు ఎవరూ రాయలేదట. డాక్టరుగారు తన ఉత్తరంలో కాలవ సంగతి రాయలేదు. అది నాదని నాకోసం వదిలిపెట్టాడు.

నావైపు చూశాడు. బయటికొచ్చాక నా భుజం మీద చెయ్యేసి, "పులిహోర బాగుందటండీ, పిల్లలు చెప్పారు" అన్నాడు. తిట్టి ఉంటే నాకింత బరువుండేది కాదు.

దారి తెరిచారు. శని, ఆదివారాలు ఆయన అడవికి రావడం మానేశాడు. పెరట్లో కుర్చీ వేసుకుని అటువైపు చూస్తూ కూర్చునేవాడు. నేను కంచె మీదుగా ఏదో ఒకటి అని నవ్వించేవాణ్ణి. ఆ మాట తప్ప అన్నీ మాట్లాడాను. "తప్పు నాదే సాబ్" అనడానికి ఏడాది టైముండింది.

నిన్న శనివారం ఒక్కణ్ణే వెళ్ళాను. బుధవారం వాన వెలిశాక మేమిద్దరం నడిచిన దారి ఇంకా మెత్తగానే ఉంది. మలుపు దగ్గర బురదలో ఆయన బూట్ల అచ్చులు, పక్కనే నా చేతికర్ర పొడిచిన గుంటలు. ఒకచోట ఇద్దరి అచ్చులూ ఆగి, కొమ్మలవైపు తిరిగి ఉన్నాయి. కింద నుంచి ఇంజన్ల చప్పుడు వినిపించింది. కాసేపు ఆ అచ్చులకు అడ్డంగా నిలబడ్డాను. చప్పుడు దగ్గరికొచ్చింది. పక్కకు జరిగాను.