మునివెంకటప్ప వేలిముద్ర

ముప్పై ఒక్కేళ్ల ప్రాక్టీసులో న్యాయవాది బదరీనాథ్ గారికి ఒక్క విషయం మీద అచంచల విశ్వాసం ఏర్పడింది: కక్షిదారు మాట వినడం కంటే కక్షిదారు కాగితం చదవడం మేలు. ఊరిగాం బంగారు గనుల కంపెనీ క్వార్టర్సులో, గనుల ఆఫీసు గుమాస్తాకు పుట్టినవాడు కాగితాన్ని నమ్మక ఇంకేం చేస్తాడు?

బేతమంగళ పక్క పల్లె నుంచి వచ్చే మునిలక్ష్మమ్మ ఫైలు ఆరేళ్లలో ఆరువందల పేజీలకు ఎదిగింది. విషయం ఎకరంన్నర మల్బరీ తోట. ఆ ఆకు మీద పట్టుపురుగులూ, ఆ పురుగుల మీద ఆమె ఇల్లూ బతుకుతున్నాయి. పక్క పొలం చౌడప్ప, ఆ తోటను తన తండ్రికి 1984లో మునివెంకటప్ప అమ్మేశాడంటూ వేలిముద్ర పడిన క్రయపత్రం ఒకటి తెచ్చి దావా వేశాడు. మునివెంకటప్ప అంటే మునిలక్ష్మమ్మ భర్త, కాలం చేశాడు. ఆయనకు సారాయి పోసి వేలిముద్ర వేయించుకున్నారని బదరీనాథ్ గారు ఆరేళ్లుగా గంభీరంగా వాదిస్తున్నారు.

ఆయన కళ్లజోడు మూడోసారి మారాక, కూతురు స్మిత ల్యాప్‌టాప్‌లో కృత్రిమ మేధ ఒకటి పెట్టించింది.

"ఫైలంతా చదివి తేదీల వరస రాసిస్తుంది నాన్నా. అది చెప్పింది మాత్రం నువ్వు సరిచూసుకోవాలి."

మొదటి రోజే అది ఏ జడ్జీ ఇవ్వని తీర్పునొకదాన్ని ధీమాగా ఉదహరించింది. అలాంటి సీనియర్ల దగ్గరే పని నేర్చుకున్నవారు గనుక బదరీనాథ్ గారు దాన్ని క్షమించారు. తీర్పులు తనే వెతుక్కుని, దానికి తేదీల పని అప్పగించారు.

ఆరువందల పేజీల తేదీలు పావుగంటలో వచ్చాయి. నడుమ ఒక వాక్యం: "మునివెంకటప్ప 1979లో మరణించినట్టు ఖాతా మార్పు కాగితంలో ఉంది. అదే వ్యక్తి 1984లో క్రయపత్రంపై వేలిముద్ర వేశారు. పరిశీలించండి."

ఆయన నవ్వుకున్నారు. మర్నాడు మునిలక్ష్మమ్మ వస్తే ఆ తమాషా ఆమెకూ వినిపించారు.

"చూడమ్మా, ఇంత తెలివైన మిషనుకు మన ఆచారం తెలీదు. తాత పేరు మనవడికి పెడతామని దానికెవరు చెప్పాలి? డెబ్బై తొమ్మిదిలో పోయిన తాతనూ, మీ ఆయన్నూ ఒకరే అనుకుంది పాపం."

ఆమె నవ్వలేదు. "అది సరే సారూ. ఎనబై నాలుగులో మా ఆయనకి తొమ్మిదేండ్లు గదా. ఇస్కూలుకి పోతా ఉన్న్యాడు. తోట యాడ అమ్ముతాడు?"

బదరీనాథ్ గారు కళ్లజోడు తీసి, తుడిచి, పెట్టుకున్నారు. తొమ్మిదేళ్ల పిల్లవాడికి తాను ఆరేళ్లుగా సారాయి పోయిస్తున్నట్టు ఆయనకు బోధపడింది.

"ఈ మాట ఇంతకాలం ఎందుకు చెప్పలేదమ్మా? సారాయి పోసి వేలిముద్ర వేయించుకున్నారని వాదిస్తున్నానే!"

"మీరు అడిగితే గదప్పా చెప్పేది. వచ్చినప్పుడల్లా కాగితాలు తెచ్చినావా అంటిరి. తెచ్చినాను." అంతలో ఆమెకు సారాయి మాట తట్టింది. "ఇంగ మా ఆయన్ని కోర్టులో తాగుబోతంటిరా?"

"ఇంగ్లీషులో అన్నానమ్మా," అని నసిగారాయన.

వారం తిరక్కుండా ఆమె భర్త చదివిన బడికి వెళ్లి, పుట్టినతేదీ ఉన్న రిజిస్టరు నకలు తెచ్చింది. బదరీనాథ్ గారు తన వాదనను తానే సవరించుకుంటానని అర్జీ పెట్టుకున్నారు. బార్ రూములో మిత్రులు రెండు రోజులు దాని గురించే మాట్లాడుకున్నారు. ఆయన ఆ రెండు రోజులూ కాఫీ బయట తాగారు.

విచారణ రోజున జడ్జిగారు నకలు చూసి, క్రయపత్రం చూసి, చౌడప్ప లాయరు వైపు తిరిగారు.

"తాతైతే అప్పటికి పోయి ఐదేళ్లు. మనవడైతే వయసు తొమ్మిదేళ్లు. వేలిముద్ర ఎవరిది?"

లాయరు గడువు కోరాడు. జడ్జిగారు ఇచ్చారు, తేలేదాకా చౌడప్ప ఆ తోటలో అడుగుపెట్టరాదని ఉత్తర్వు కూడా ఇచ్చారు.

బయటికి రాగానే మునిలక్ష్మమ్మ అడిగింది. "గెలిచినట్టేనా సారూ?"

"ఇంకా లేదమ్మా. కానీ ఇప్పుడు జవాబు చెప్పుకోవలసింది వాళ్లు."

"నేనడిగేది అది కాదప్పా. తోటలో సగం మొక్కలు ముదిరిపోయినాయి. ఎవురిదవుతాదో తెలీక ఆరేండ్లుగా కొమ్మ కోసి కొత్త కడ్డీలు నాటలేదు. నాటేదా?"

చట్టప్రకారం దీనికి చెప్పవలసిన జవాబు నాలుగు షరతులతో కూడినది. బదరీనాథ్ గారు నోరు తెరిచి, ఆ నాలుగూ మింగేశారు.

"నాటుకోమ్మా."

"అట్లయితే కడ్డీలు మొన్ననే కోసి తడిగోనెలో చుట్టిపెట్టినాను. ఎండిపోకముందే పోవాల," అంటూ ఆమె బేతమంగళ బస్సు కోసం గబగబా నడిచింది.