చక్రాల పొయ్యి

మా చర్చి సంఘంలో పాట ఎత్తుకునేది అమ్మ. ఆదివారం ఆవిడ మొదలుపెడితే తక్కినవాళ్లు అందుకునేవారు. కానీ రోజూ కొబ్బరి మట్టల పొగ పీల్చి పీల్చి, రెండో చరణం పూర్తయ్యేసరికి దగ్గు తెర వచ్చేసేది, పాట అక్కడితో ముగిసేది. ఇలాగే ఉంటే పాట ఇంకెవరికైనా అప్పజెప్పాలని పెద్దలు అనుకుంటున్నట్టు తెలిసి, అమ్మ ఉపవాసం ఉండి ప్రార్థించింది.

ఎనభైల మొదట్లో, రాజోలు దగ్గర మా ఊరికి, పొగ రాని పొయ్యి తయారుచేస్తామంటూ మద్రాసు నుంచి ఒక డిజైను కంపెనీ వాళ్లు వచ్చారు. అది ప్రార్థనకి జవాబని అప్పుడూ నమ్మాను, ఇప్పుడూ నమ్ముతున్నాను.

వాళ్ల పెద్దాయన మద్రాసులోనే పుట్టి పెరిగిన తెలుగాయన. "మేము వస్తువుతో మొదలుపెట్టం. మనిషిని మధ్యలో పెట్టుకుని ఆలోచిస్తాం" అన్నాడు. అన్నట్టే అమ్మని వంటింటి మధ్యలో పీట మీద కూర్చోబెట్టి, చుట్టూ వాళ్లు కూర్చున్నారు. పొయ్యి దగ్గరికి వెళ్లడానికి అమ్మకి దారి లేకుండా పోయింది.

"కూర్చుని వండుతారా అమ్మగారూ?"

"ఆయ్."

"నిలబడి వండితే బాగుంటుందా?"

"ఆయ్."

"వంట ఇంట్లోనేనా?"

"ఆయ్."

"పెరట్లో కూడానా?"

"ఆయ్."

మా వైపు ఎదుటివాళ్లు మాట్లాడుతుంటే ఆయ్ అంటూ ఉండాలి. వింటున్నామండీ, చెప్పండీ అని దానర్థం. ఊరుకుంటే అమర్యాద. ఆయన మాత్రం ప్రతి ఆయ్‌నీ ఒక కోరికగా తీసుకున్నాడు.

కొన్నాళ్లకి పొయ్యి వచ్చింది. కింద ఒక మూతి, నడుమెత్తున ఇంకో మూతి, పైన రేకు గొట్టం. ఇంట్లోంచి పెరట్లోకి తిప్పుకోవడానికి చక్రాలు.

పక్కింటి పిన్ని ఆ చక్రాలు చూసి, "గుర్రాన్ని వెనకాల పంపుతారేటక్కా?" అంది.

అమ్మ ఎసట్లో బియ్యం పోసి గరిటె తిప్పేసరికి పొయ్యి బయలుదేరింది. వసారా వాలులో అది ముందు, గరిటె పట్టుకుని అమ్మ వెనక. పొగ మాత్రం గొట్టంలోంచి చక్కగా పైకి పోతోంది. పెద్దాయన పక్కనే నడుస్తూ, "సౌకర్యంగా ఉందా అమ్మగారూ?" అన్నాడు.

"ఆ..." అని అమ్మ ఆగిపోయింది. ఇంటికొచ్చిన మనిషి మాట కాదనడం ఆవిడ ఎరగదు. అబద్ధమాడటమూ ఎరగదు. కళ్లు మూసుకుంది. పెదాలు కదిలాయి.

"లేదు బాబూ. చక్రాలు పీకించెయ్యండి. పై మూతి మట్టెట్టి మూసెయ్యండి. గొట్టం మాత్రం ముట్టుకోకండి, దేవుడు మిమ్మల్ని చల్లగా చూస్తాడు."

"మరి అన్నిటికీ అవునన్నారు కదండీ?"

"నేనెప్పుడన్నానండీ? వింటన్నానన్నాను."

"అలాగా" అన్నాడాయన.

"ఆయ్" అంది అమ్మ.

పొయ్యి గోడవార కుదురుకుంది. నెమ్మదిమీద అమ్మ గొంతు తేటపడింది. ఒక ఆదివారం అమ్మ రెండో చరణం ముగించి మూడోదానిలోకి వెళ్లింది. సంఘమంతా నోరు మూసుకుంది. ఆ పాటకి ఇంకా చరణాలున్నాయని మాలో ఎవరికీ తెలియదు. బోధకుడుగారు అలవాటు కొద్దీ ప్రార్థనకి లేచి, కూర్చోవడమెలాగో తోచక, కళ్లు మూసుకుని అలాగే నిలబడ్డారు. అమ్మ ఒక్కతే చివరిదాకా పాడింది.